ఎంటీబీ సైకిల్‌కు డిస్క్ బ్రేక్: అడాప్టర్ ఇంట్లో చేయించుకోవచ్చా?

పండక్కి వచ్చిన ఈదీ డబ్బులు దాచుకుని పాత ఎంటీబీ సైకిల్‌కు డిస్క్ బ్రేక్ వేయించాలనుకునే పిల్లలు చాలా ఇళ్లల్లో ఉంటారు. కాలిపర్, రోటర్ ఆన్‌లైన్‌లో దొరికేస్తాయి. తీరా బిగించబోతే ఫ్రేమ్‌కు కాలిపర్ తగిలించే చోటే ఉండదు. ఉన్నా రంధ్రాలు కలవవు. అప్పుడు వినపడే మాట ఒకటే: "ఏముంది భాయ్, ఒక ఇనప ముక్క కోసి రెండు బెజ్జాలు వేయిస్తే సరి."

ఆ ఇనప ముక్క పేరే అడాప్టర్. డ్రిల్లింగ్ మెషిన్ ఉన్న ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిస్తారు. అయితే కొమరోలులో చెల్లెల్ని క్యారియర్ మీద ఎక్కించుకుని స్కూలుకు వెళ్లే సైకిలైనా, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ దిగే సైకిలైనా ఆగేది ఆ ముక్క బలం మీదే. అందుకే ఎక్కడ చేయించుకోవచ్చో, ఎక్కడ అస్సలు వద్దో ఇంట్లో పెద్దవాళ్లు కూడా తెలుసుకోవాలి.

ముక్క చిన్నదే, బరువు పెద్దది

26 అంగుళాల చక్రంలో ఇరుసు నుంచి నేల వరకు దూరం సుమారు 33 సెంటీమీటర్లు. 160 మిల్లీమీటర్ల రోటర్ మీద ప్యాడ్లు పట్టుకునే చోటు ఇరుసుకు దాదాపు 7.3 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంటే నేల దగ్గర టైరు మీద ఎంత బలం పడితే, కాలిపర్ మీద దానికి నాలుగున్నర రెట్లు పడుతుంది.

మనిషి 80 కిలోలు, సైకిల్ 15 కిలోలు అనుకుందాం. ముందు బ్రేకు గట్టిగా వేస్తే టైరు దగ్గర సుమారు 48 కిలోల బలం పుడుతుంది. కాలిపర్ మీద అది 215 కిలోల దాకా అవుతుంది. రెండు క్వింటాళ్ల పైమాటే. వెనక చక్రం త్వరగా జారిపోతుంది కాబట్టి అక్కడ టైరు దగ్గర సుమారు 24 కిలోలు, కాలిపర్ మీద ఒక క్వింటాల్ చిల్లర. ఈ బరువంతా మోసేది అడాప్టర్, దాని రెండు బోల్టులు.

మీ సైకిల్ ఏ రకం?

మొదట ఎడమవైపు ఇరుసు దగ్గర చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

ఒకటి, ఫ్రేమ్‌కు అడ్డంగా రెండు రంధ్రాలున్న రేకు లాంటి చెవి. దీన్ని ఐఎస్ మౌంట్ అంటారు. రంధ్రాల మధ్య దూరం 51 మిల్లీమీటర్లు. కాలిపర్లు ఎక్కువగా పోస్ట్ మౌంట్ రకం, వాటి బోల్టుల మధ్య దూరం 74 మిల్లీమీటర్లు. ఈ రెండింటినీ కలిపే అడాప్టర్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. కొనడమే మేలు. దీన్ని ఇంట్లో చేయించి మిగిల్చేది ఏమీ ఉండదు.

రెండు, పోస్ట్ మౌంట్ ఉంది కానీ రోటర్ సైజు మారింది. 160 తీసి 180 వేస్తే కాలిపర్ 10 మిల్లీమీటర్లు బయటికి జరగాలి. 10 మిల్లీమీటర్ల మందం స్పేసర్లు, అంతే పొడవు పెరిగిన ఎం6 బోల్టులు చాలు. పాత బోల్టులే వాడితే నాలుగు మరలు కూడా పట్టవు. లోపలి మర 9 మిల్లీమీటర్లకు తగ్గకుండా పట్టాలి. ముందు ఫోర్కుకైతే 180 రోటర్ వేయవచ్చని తయారీదారు చెప్పి ఉంటేనే వేయండి.

మూడు, ఏ మౌంటూ లేదు. వీ-బ్రేక్ సైకిళ్లన్నీ దాదాపు ఇంతే. మనవాళ్లు షాపులో ఇనప ముక్క కోయించేది దీనికే. ఇది స్టీలు ఫ్రేమ్‌కు, వెనక చక్రానికి మాత్రమే చేయాల్సిన పని.

వెనక చక్రానికి ఎలా చేయాలి

1. అట్టతో నమూనా: చక్రం, రోటర్ బిగించి, కాలిపర్‌ను చేత్తో రోటర్ మీద పెట్టి కేబుల్ లాగి పట్టండి. కాలిపర్ అక్కడే నిలబడుతుంది. ప్యాడ్ మొత్తం రోటర్ పట్టీ మీదే ఉండాలి. అలా ఉన్నప్పుడు ఇరుసుకు, కాలిపర్ బోల్టులకు మధ్య అట్ట పెట్టి కొలత కోయండి.

2. లోహం: 6 మిల్లీమీటర్ల మందం, 50 మిల్లీమీటర్ల వెడల్పు ఎంఎస్ ఫ్లాట్ తీసుకోండి. అడుగు ముక్క 700 గ్రాములు తూగుతుంది. పాత సామాన్ల అల్యూమినియం వద్దు. అది ఏ రకమో తెలియదు, పోత ముక్కైతే చెప్పకుండా విరుగుతుంది.

3. రంధ్రాలు: ఎం6 బోల్టు దూరాలంటే 6.5 మిల్లీమీటర్ల డ్రిల్, మర కొట్టాలంటే 5 మిల్లీమీటర్ల డ్రిల్ వేసి ట్యాప్. రంధ్రం మధ్య నుంచి అంచుకు కనీసం 10 మిల్లీమీటర్లు వదలండి. లోపలి మూలలు పదునుగా కోయకుండా గుండ్రంగా ఆకురాయి పట్టండి. పగులు మొదలయ్యేది మూలలోనే.

4. ఆపే చేయి: ప్లేటును ఇరుసు నట్టు ఒక్కటే ఆపలేదు. బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతో పాటు తిరగబోతుంది. అందుకే ప్లేటును ముందుకు పొడిగించి, ఎడమ చైన్‌స్టే గొట్టానికి స్టీలు క్లాంపు, బోల్టులతో కట్టాలి. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో కడితే క్లాంపు మీద దాదాపు 80 కిలోలు పడుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో కడితే 40 కిలోలే. పొడవు చేయి వల్ల లాభం ఇదే. ప్లాస్టిక్ ట్యాగులు, పైపు క్లిప్పులు ఇక్కడ పనికిరావు.

5. ఇరుసు: ప్లేటు మందం ఇరుసు పొడవును తినేస్తుంది. నట్టు పూర్తిగా ఎక్కి, బయట రెండు మరలైనా కనిపించాలి. లేకపోతే పొడవు ఇరుసు వేయించండి.

6. బోల్టులు: తల మీద 8.8 లేదా అంతకంటే ఎక్కువ అంకె ఉన్నవే కొనండి. నట్లు నైలాక్ రకం. బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, అంటే 15 సెంటీమీటర్ల స్పానర్ చివర సుమారు 5 కిలోల బలం. అంతకుమించి లాగితే మర పోతుంది.

ఫ్రేమ్‌కు నేరుగా వెల్డింగ్ పెట్టించాలన్న ఆలోచన మానుకోండి. సైకిల్ గొట్టాలు పల్చన, కాలి చిల్లు పడతాయి. అల్యూమినియం ఫ్రేమ్‌కైతే వెల్డింగ్ వేడికి ఆ చోటు మెత్తబడుతుంది. ఫ్యాక్టరీలో చేసినట్టు మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే తప్ప ఆ బలం తిరిగి రాదు.

ముందు ఫోర్కు జోలికి వెళ్లవద్దు

మౌంట్ లేని ముందు ఫోర్కుకు ఇంటి అడాప్టర్ వేయకూడదు. మొదటి కారణం, రెండు క్వింటాళ్ల బలం ఎడమ కాలు ఒక్కదాని మీదే పడుతుంది. వీ-బ్రేక్ ఫోర్కు దానికోసం చేసింది కాదు. రెండోది, కాలిపర్ ఫోర్కు వెనకవైపు ఉంటుంది, అక్కడ రోటర్ పైకి తిరుగుతుంది. బ్రేకు పట్టగానే కాలిపర్ పైకి, ఇరుసు కిందికి తోసుకుంటాయి. ఇరుసు గాడి తెరిచి ఉండేదీ కిందికే. నట్టు కాస్త వదులైతే చక్రం ఊడి వస్తుంది. వెనక అడాప్టర్ విరిగితే సైకిల్ ఆగదు, ముందుది విరిగితే మనిషి ముఖం మీద పడతాడు.

కాబట్టి ముందు వీ-బ్రేక్ మంచి స్థితిలో అలాగే ఉండాలి. వెనక డిస్క్ ఏమైనా ఆదుకునేది అదే.

రోడ్డెక్కే ముందు పరీక్ష

ప్రతి బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదికి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గీత విడిపోతే బోల్టు వదులైనట్టే. సైకిల్ నిలబెట్టి బ్రేకు గట్టిగా పట్టి ముందుకు, వెనక్కి పది సార్లు తోయండి. ప్లేటు కదిలితే అక్కడే ఆపేయండి. తర్వాత ఖాళీ మైదానంలో నడక వేగంతో, ఆపైన మామూలు వేగంతో ఇరవై సార్లు ఆపి చూడండి. దాంతో కొత్త ప్యాడ్లు కూడా రోటర్‌కు సర్దుకుంటాయి. గీతలు మళ్లీ చూడండి. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి మూలల్లో పగుళ్లు వెతకండి. ఈ నెల రోజులూ క్యారియర్ మీద ఎవరినీ ఎక్కించవద్దు.

రోటర్‌కు ఏ నూనే తగలకూడదు. కీచుమంటోందని కొబ్బరి నూనె రాస్తే ప్యాడ్లు మార్చాల్సిందే. ఆపిన వెంటనే రోటర్ ముట్టుకుంటే వేలు కాలుతుంది, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి.

అసలు లెక్క

ఖర్చులో అడాప్టర్ వాటా అన్నిటికంటే చిన్నది. రోటర్ పట్టాలంటే ఆరు రంధ్రాల డిస్క్ హబ్ కావాలి, దాన్ని వేయాలంటే చక్రం ఊడదీసి కొత్త స్పోకులతో మళ్లీ అల్లించాలి. గేర్ల సైకిళ్లలో వెనక హబ్ వెడల్పు సాధారణంగా 135 మిల్లీమీటర్లు. గేర్లు లేని వాటిలో ఇంకా తక్కువ, కాబట్టి కొలవకుండా హబ్ కొనవద్దు. ఆపైన రోటర్, కాలిపర్, కేబుల్. వీ-బ్రేక్ లివర్ మాత్రం ఎంటీబీ కేబుల్ డిస్క్ కాలిపర్‌కు సరిపోతుంది, ఆ ఒక్కటి మిగులు.

ఈ ఖర్చులన్నీ కాగితం మీద కూడి, డిస్క్ మౌంట్ ఉన్న సెకండ్ హ్యాండ్ సైకిల్ ధరతో పోల్చండి. చాలాసార్లు పాతది అమ్మి అది కొనుక్కోవడమే చవక. డిస్క్ గొప్పతనం కనిపించేది వానలో, బురదలో, పొడవాటి దిగుడుల్లో. పడమటి ప్రకాశంలో వాన రోజులే తక్కువ. ఊళ్లో తిరిగే సైకిల్‌కు కొత్త వీ-బ్రేక్ ప్యాడ్లు, కొత్త కేబుల్ వేసి, రిమ్ము శుభ్రంగా తుడిస్తే బ్రేకు బాగానే పడుతుంది. పిల్లాడు ఈదీ డబ్బులు తీసే ముందు ఆ పని చేయించి ఒక వారం తొక్కి చూడమనండి. అప్పటికీ బ్రేకు చాలకపోతే డిస్క్ సంగతి ఆలోచించవచ్చు.