పీజోమీటరు నడిచిన దారి

తమిళనాడులో ధర్మపురి పక్కన వత్తల్‌మలై కొండ. అక్కడ బొగ్గు లేదు, గనీ లేదు. అయినా ఆ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు గారపడతాయి. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మన నల్లగొండ పడ్డ బాధే. నీళ్లలో ఫ్లోరైడ్ కలిపింది అడుగునున్న రాయి. అందుకే హొగెనేకల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చి ఇస్తున్నారు.

గని లేకున్నా రాయే నీళ్లను పాడుచేయగలదన్న ఈ సంగతి బొగ్గు గని పక్క ఊరికి చాలా ముఖ్యం. అక్కడ బావి ఎండినా, నీళ్ల రుచి మారినా ఊరు గనిని అంటుంది, గని వానలను అంటుంది, రాయిని అంటుంది. గని తవ్వకముందు నీళ్లు ఎలా ఉన్నాయో రాసి ఉంటే తప్ప ఈ తగువు తెగదు. అలా రాసిపెట్టడానికి పనికొచ్చేది పీజోమీటరు, నేలలోని నీటి ఒత్తిడినీ మట్టాన్నీ కొలిచే పరికరం.

గ్రీకులో 'పీజీన్' అంటే నొక్కడం. నీటిని నొక్కితే ఎంత కుదించుకుపోతుందో చూడాలని జేకబ్ పెర్కిన్స్ అనే అమెరికన్ ఒక పరికరం చేసి, 1820లో దానికి ఈ పేరు పెట్టాడు. అప్పటికి దానికీ నేలకూ సంబంధం లేదు. నేల బలం దాని రంధ్రాల్లోని నీటి ఒత్తిడిని బట్టి ఉంటుందని 1925లో కార్ల్ టెర్జాగి చెప్పాక ఆ ఒత్తిడిని కొలవాల్సి వచ్చింది. 1940లలో ఆర్థర్ కాసాగ్రాండే బోస్టన్ విమానాశ్రయం దగ్గర, కొనకు నీరు ఊరే మొన బిగించిన సన్నని గొట్టం నేలలోకి దించాడు. మన గనుల చుట్టూ కనిపించే గొట్టాలు ఆ వంశమే. ఇంకో శాఖలో గొట్టం బదులు తీగ ఉంటుంది. నీటి ఒత్తిడికి పలుచని రేకు వంగితే దానికి కట్టిన తీగ బిగువు తగ్గి, వీణ తీగలాగే శ్రుతి దిగుతుంది. ఆ శ్రుతే కొలత.

గనిలో పీజోమీటరు చేసే పని చూడాలంటే తమిళనాడులోనే నైవేలి ఉంది. 1934లో జంబులింగ ముదలియార్ పొలంలో బావి తవ్వుతుంటే అక్కడి లిగ్నైట్ అనే గోధుమ బొగ్గు బయటపడింది. లిగ్నైట్ పొర కింద నీళ్లు చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 కిలోల ఒత్తిడితో పైకి తంతుంటాయి. పంపులతో ఆ ఒత్తిడి దించకపోతే గని అడుగు ఉబ్బి పగులుతుంది. ఎంత తోడాలో చెప్పేది పీజోమీటరే. తక్కువ తోడితే గనికి ముప్పు, అవసరానికి మించి తోడితే చుట్టూ ఉన్న రైతుకు నష్టం.

మన సింగరేణిలోనూ ఇదే తగువు. అక్కడి కార్మికులు గనిని 'బాయి' అంటారు. ఊరి బావీ బాయే. ఓపెన్‌కాస్ట్ బాయి లోతయ్యేకొద్దీ చుట్టుపక్కల నీరు అటు వాలుతుంది, ఊరి బాయి అడుగంటుతుంది.

కొలవడం చూడటానికి తేలిక. గొట్టం మూత తీసి టేపు దించుతారు. కొన నీటిని తాకగానే సర్క్యూట్ పూర్తయి బజర్ మోగుతుంది. గొట్టం అంచున గీసిన గుర్తు దగ్గర అంకె చదివి, గొట్టం నేలమీదికి ఎంత లేచి ఉందో అంత తీసేస్తారు. నీళ్లు పట్టేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. గొట్టంలో నిలవున్న నీరు రాతిపొర నీరు కాదు. దాన్ని మూడింతలు తోడి పారబోశాకే సీసా నింపాలి. పీహెచ్ అక్కడికక్కడే చూడాలి. సీసా ల్యాబు చేరేలోపు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి అంకె మారిపోతుంది. బొగ్గులోని పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే నీళ్లలో సల్ఫేటు పెరుగుతుంది, ఇనుము కరుగుతుంది. మన బొగ్గులో గంధకం తక్కువ గనుక నీరు అంతగా ఆమ్లంగా మారదు, కానీ బొగ్గు మీదినుంచి తీసి పోసిన ఓబీ మట్టిగుట్టల నుంచి దిగే నీళ్లతో కాఠిన్యం పెరగవచ్చు. ఈ పని తెలిసినవాళ్లు మట్టాన్నీ రసాయనాన్నీ ఒకే రోజు రాయమనేది అందుకే. మట్టం ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది.

1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టు దక్షిణాది రాష్ట్రాల్లో తనంతట తానే మట్టం రాసుకునే డిజిటల్ రికార్డర్లను ఈ గొట్టాల్లో పెట్టించింది. పరికరానికి ఇక లోటు లేదు. మీ ఊరి దగ్గర గని వస్తోందంటే, మొదటి గడ్డపార పడకముందే కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కొలతలు తీయించండి. మట్టం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, సల్ఫేటు ఎంత అన్నది పంచాయతీ ఆఫీసు గోడమీద రాయించండి.