అంకెలు యెటు నడుస్తాయి?

మన పాత శాసనాలలో కాలాన్ని అంకెలతో గాక మాటలతో చెప్పటం కద్దు. "గగన, బాణ, వేద, చంద్ర" అని వుంటే సున్న, అయిదు, నాలుగు, ఒకటి అన్నమాట. ఆ వరుసనే చదివితే అర్థం లేదు. అంకెలు కుడినుంచి యెడమకు నడుస్తాయని పెద్దల నియమం. తిప్పి చదివితే శక సంవత్సరం 1450 చక్కగా బయటపడుతుంది.

సరిగ్గా యీ చిక్కే నేటి చిట్టి కంప్యూటర్లకూ వున్నది. పొలంలో నేల తేమను కొలిచే పెట్టె వుందనుకోండి. అందులోని గోరంత చిప్పు తన కబురును సాకెట్ ద్వారా దూరాన వున్న మరో యంత్రానికి పంపాలి. ఆ యంత్రం చిరునామాను మనం 192.168.1.10 అని చుక్కలు పెట్టి వ్రాస్తాం. చుక్కలు మన కంటికోసమే. చిప్పుకు కావలసింది 32 బిట్ల ఒకే ఒక సంఖ్య. మొదటి భాగాన్ని 1,67,77,216 తోను, రెండవదాన్ని 65,536 తోను, మూడవదాన్ని 256 తోను హెచ్చవేసి, నాలుగవదాన్ని కలిపితే 3,23,22,35,786 వస్తుంది.

ఇక్కడే వుంది మెలిక. నెట్‌వర్కు మీద పెద్ద భాగం ముందు నడవాలని నియమం. ఇటువంటి చిప్పులలో చాలామట్టుకు చిన్న భాగాన్నే ముందు దాచుకుంటాయి. దాచిన వరుసనే పంపితే చిరునామా కాస్తా 10.1.168.192 అవుతుంది. విచిత్రమేమంటే, అదీ నిక్షేపంలాంటి చిరునామాయే! కంపైలరు తప్పు పట్టదు. కబురు మాత్రం వేరే గడపకు పోతుంది; చేను యెండుతున్నా యజమానికి తెలియదు.

యే వరుస మేలని పండితులు పోట్లాడుకోకపోలేదు. 1726లో వెలువడిన స్విఫ్ట్ 'గలివర్ యాత్రల'లో, గుడ్డును యే కొసన పగలగొట్టాలనే విషయమై జనం యుద్ధాలకు దిగుతారు. 1980లో డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కథలోని పేర్లనే తెచ్చి యీ రెండు పక్షాలకూ పెట్టాడు. యే కొసనైనా సరే, అందరూ ఒక్కటే కొస పట్టాలన్నది ఆయన హితవు.

మందు సులువైనదే. హెచ్.టి.ఓ.ఎన్.ఎల్. అనే ఫంక్షన్ యంత్రపు వరుసను నెట్‌వర్కు వరుసలోకి మారుస్తుంది. రెండు వరుసలూ ఒకటే అయిన యంత్రంలో అది యేమీ చేయదు గనుక, యెక్కడ వ్రాసినా నష్టం లేదు. అయితే, చుక్కల చిరునామాను సంఖ్యగా మార్చే ఐనెట్-పి-టాన్ అనే మరొక ఫంక్షన్ తానే ఆ వరుసలో పెట్టి యిస్తుంది. దాని ఫలితాన్ని మళ్ళీ తిప్పారో, వ్యవహారం మొదటికి వస్తుంది!

శాసనం చదివేవాడికైనా, ప్రోగ్రాము వ్రాసేవాడికైనా అంకెలు తెలిస్తే చాలదు. వాటి నడక తెలియాలి.