ఆందోళన బిడ్డది, చికిత్స ఇంటిల్లిపాదిదీ

పిల్లల్లో ఆందోళన రుగ్మతకు ముందుగా ఇచ్చే చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. బిడ్డ దేనికి భయపడుతున్నాడో దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేయడమే అందులో కీలకం. తప్పించుకున్నకొద్దీ భయం ముదురుతుంది, నిలబడితే మెల్లగా తగ్గుతుంది. థెరపిస్టు దగ్గర గడిచేది వారానికి గంటే. మిగతా వారమంతా ఇంట్లోనే.

చిక్కు అక్కడే, అదీ ప్రేమ వల్లే. కడుపునొప్పి అనగానే బడి మానిపిస్తారు. చుట్టాలు పేరడిగితే బిడ్డ బదులు అమ్మే చెప్పేస్తుంది. రాత్రి దీపం ఆర్పగానే "అమ్మా, నీకేం కాదు కదా?" అంటుంది పాప. "ఏం కాదు, పడుకో తల్లీ" అంటుంది అమ్మ. ఐదు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ప్రతి జవాబూ కాసేపు ఊరట ఇస్తుంది కానీ, అమ్మ చెబితే తప్ప భయం తగ్గదన్న నమ్మకాన్ని కూడా గట్టిపరుస్తుంది. మన ఇళ్లలో పిల్లలు పెద్దల పక్కన పడుకోవడం మామూలే, దాన్ని జబ్బనుకోనక్కర్లేదు. అమ్మ లేని రాత్రి కునుకే పట్టకపోతే మాత్రం ఆలోచించాలి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలి లెబోవిట్జ్ రూపొందించిన 'స్పేస్' పద్ధతి, బిడ్డ భయం కోసం పెద్దలు చేసే ఇలాంటి సర్దుబాట్ల మీదే పనిచేస్తుంది. ఇందులో శిక్షణ తల్లిదండ్రులకే, పిల్లలకు కాదు. "నీకు భయంగా ఉందని తెలుసు, అయినా నువ్వు తట్టుకోగలవు" అని చెప్పి, ముందే చెప్పిన ప్రకారం ఒక్కో సర్దుబాటునూ తగ్గిస్తూ వస్తారు. కసరడం, హేళన చేయడం ఇందులో ఉండవు. 2020లో వెలువడిన అధ్యయనంలో 124 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. తల్లిదండ్రులు మాత్రమే స్పేస్‌కు వెళ్లిన పిల్లలు, స్వయంగా థెరపీ తీసుకున్నవారికి ఏమాత్రం తీసిపోకుండా కోలుకున్నారు.

తల్లిదండ్రుల సొంత ఆందోళనా లెక్కలోకి వస్తుంది. 1998 నాటి ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఆందోళనతో బాధపడే తల్లిదండ్రులున్న పిల్లల్లో బిడ్డకు మాత్రమే చికిత్స చేస్తే 39 శాతం మందే రుగ్మత నుంచి బయటపడ్డారు. పెద్దలకూ తమ ఆందోళనను అదుపు చేసుకోవడం నేర్పితే అది 77 శాతానికి చేరింది. తర్వాతి నెలల్లో ఈ తేడా కొంత తగ్గిందన్నదీ నిజమే. ఏదేమైనా, ఆందోళన తల్లిదండ్రుల పెంపకం వల్లే వచ్చిందని నిందించడానికి ఇది ఆధారం కాదు. వంశపారంపర్యంగా వచ్చే స్వభావానికీ అందులో పెద్ద పాలే ఉంది.

ఉమ్మడి కుటుంబంలో పని మరింత కష్టం. నాన్న బడికి బయల్దేరదీస్తుంటే, "ఇవాళొక్కరోజు వదిలేయరా" అని నానమ్మ అడ్డుపడితే వారాల శ్రమ వెనక్కి పోతుంది. అందుకని ఆమెనూ ఒకసారి థెరపిస్టు దగ్గర కూర్చోబెట్టడం మంచిది.

ఇంటి మార్పు ఒక్కటే అందరికీ చాలదు. 488 మంది పిల్లలతో చేసి 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో థెరపీతో సుమారు 60 శాతం, సెర్ట్రలిన్ మందుతో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. వారిలో కొందరిని సుమారు ఆరేళ్ల తర్వాత మళ్లీ పరిశీలిస్తే, చికిత్సకు ముందు నుంచే ఇంటి వాతావరణం సజావుగా ఉన్నవారు ఆందోళన లేకుండా ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది.