కనిపెట్టుకొని యుండుట



గత సంవత్సరము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక సహోదరుడు గుడి మెట్లయొద్ద మమ్మును ఆపెను. రెండేండ్లుగా సరియైన వానలు లేవు. బోరు ఎండిపోయినది. కౌలుకు తీసికొన్న మూడెకరముల మిరప తోట నిలువున వాడిపోయినది. అప్పు ఇచ్చినవారు ఉదయమే వచ్చి అరుగుమీద కూర్చొనుచున్నారు. "ఇంకెంతకాలం అయ్యగారూ?" అని ఆయన అడిగెను. మేము అలవాటు చొప్పున, "దేవుని సమయము ఒకటున్నది, ఓపిక పట్టండి" అంటిమి. ఆయన కొంతసేపు నేల చూచి, "మీ జీతం నెలనెలా వస్తుంది గదయ్యగారూ" అని నమస్కారము చేసి వెళ్లిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము చెప్పినది తప్పు కాదు, ప్రసంగి మూడవ అధ్యాయము అదే చెప్పుచున్నది. అయితే అన్నము తిన్నవాడు ఆకలిగొన్నవానితో చెప్పినప్పుడు ఆ మాట రాయివలె తగులును.

మన తెలుగు బైబిలులో దేవునికొరకు కనిపెట్టుట అను మాట తరచుగా వచ్చును. పట్నములో చదువుకొన్న పిల్లలు అది ఏదో క్రొత్త సంగతి కనుగొనుట అనుకొందురు. పల్లెవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కోతకు వచ్చిన చేను కనిపెట్టుకొని యుందురు. జ్వరముతోనున్న బిడ్డను రాత్రంతయు కనిపెట్టుకొని యుందురు. చేతులు ముడుచుకొని కూర్చున్నవానిని కనిపెట్టుచున్నాడని ఎవరును అనరు.

దీనికి సాక్ష్యము మాకు దూరమున లేదు, మా ఒంగోలులోనే యున్నది. అమెరికా బాప్తిస్టులు 1835లో డే దొరగారిని తెలుగువారియొద్దకు పంపిరి. ఏండ్లు గడచినను ఫలము అతి స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమా అని 1853లో అక్కడి పెద్దలు ఆలోచించిరి. 1854 జనవరి 1న తెల్లవారు వేళ జ్యూయెట్ దొరగారును, దొరసానిగారును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ సేవకుడు, అనగా జాన్ క్లౌ దొరగారు, ఒంగోలు చేరినది 1866లో. పండ్రెండేండ్లు! 1867 జనవరి 1న సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే.

తరువాత 1876లో కరువు ఆరంభమై 1878 వరకు విడువలేదు. ఓపిక పట్టుడని క్లౌ దొరగారు ప్రసంగించి ఊరకుండలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు తీసికొని, వచ్చినవారి చేతికి పార ఇచ్చి, కూలి ఇచ్చిరి. తెలుగు బోధకులే మేస్త్రీలై నిలిచి, కూలీలు అలసట తీర్చుకొను వేళ యేసు సంగతులు చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కావలెనని అడిగిరి. ఆయన ఇయ్యలేదు. 15 నెలలు ఎవరికిని ఇయ్యలేదు! కూటికొరకు వచ్చిరన్న నింద వారికి తగులకూడదని ఆయన తలంపు. ఏటేట సభ్యుల లెక్కలు పంపుకొను మావంటి కాపరులకు అది ఎంత కష్టమో చదువరులు ఊహింపగలరు.

1878లో కరువు సహాయము ముగిసినది. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పగా, వారు బొబ్బలెక్కిన చేతులు చూపి, మేము కష్టపడి బ్రతికినవారము, డబ్బు అడుగుటలేదు, మరల పంట పోయి చచ్చినను క్రైస్తవులముగా చత్తుమని చెప్పిరి. జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలిచి ఇచ్చిరి.

డే దొరగారు ఆ దినమును చూడలేదు, 1871లోనే ప్రభువునందు నిద్రించిరి. కరువులో ప్రాణము విడిచినవారును చూడలేదు. ఆ పెద్ద సంఖ్యను సంతోషముతో చెప్పుకొనునప్పుడు వీరిని మరచిపోవుచున్నాము. దేవుడు ఇందుకొరకే కరువు పంపెనని బోధించువారిని వింటిమి. మేము ఆలాగు చెప్పజాలము.

ఆ వారములోనే సంఘపు పెద్దలను వెంటబెట్టుకొని ఆ సహోదరుని ఇంటికి వెళ్లి, మా మాటకు క్షమాపణ అడిగితిమి. సమయమును గూర్చి ఎత్తలేదు. అప్పుల లెక్క కాగితముమీద వ్రాసితిమి. అప్పు ఇచ్చినవారితో పెద్దలు మాటలాడి గడువు తెచ్చిరి. భార్యాభర్తలు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ పనికి వెళ్లిరి. ఇంటియొద్దనున్న ముసలి తల్లికి స్త్రీల సమాజమువారు వంతులవారీగా అన్నము తీసికొనిపోవుచున్నారు.

ఆదివారము ఆరాధన ముగియు వేళకు ఆయన ఫోను చేయును. "అయ్యగారూ, మనూళ్లో వాన పడిందా?" అన్నది మొదటి ప్రశ్న. మొన్నటి ఆదివారము కూడ లేదనియే చెప్పితిమి. "సరేనండి, ప్రార్థన చెయ్యండి. అమ్మ గుళ్లోనే ఉందా? ఒకసారి ఫోనివ్వండి" అనెను.