గట్టు మీద మూడు గమనాలు

కృష్ణా డెల్టాలో కాలువ గట్టు మొదటినుంచీ కాలినడక దారే. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట కింద తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడంతో ఆగలేదు. సరుకుల పడవలనూ మోశాయి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి చిక్కనప్పుడు మనుషులు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి నడుస్తూ పడవను లాగుకుపోయేవారు. కుడి ఒడ్డున కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను కలిసి మద్రాసు దాకా జలమార్గం ఏర్పరిచింది. ఆ బరువులన్నీ గట్టు మీది పాదాల బలంతోనే కదిలాయి. ఇప్పుడు విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల వెంట తెల్లవారుజామున నడిచేవారికి, పరుగెత్తేవారికి, సైకిలు తొక్కేవారికి తాడుతో పనిలేదు. అయినా ఆ పడవవాళ్లకు ఉపకరించిన గుణమే వీరికీ ఉపకరిస్తోంది. గట్టుకు ఎత్తుపల్లాలు లేవు.

ఎంత చదునో లెక్క కట్టవచ్చు. 1957లో పాత ఆనకట్ట స్థానంలోకి వచ్చిన ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే సముద్రమట్టానికి సుమారు 17.4 మీటర్లు. అక్కడి నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. సగటున కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్ల వాలు. అందులోనూ కొంత భాగం లాకుల దగ్గర మెట్టు దిగినట్టు ఒక్కసారిగా తీరిపోతుంది. 60 కిలోల మనిషి ఒక కిలోమీటరు నడవడానికి విశ్రాంతిలో ఖర్చయ్యేదానికి అదనంగా సుమారు 30 కిలోకేలరీలు కావాలి. ఆ కిలోమీటరులో పాతిక సెంటీమీటర్లు ఎక్కడానికి పట్టేది అందులో అరశాతం మాత్రమే. నీరు జారడానికి ఇంజనీర్లు చెక్కిన వాలు మనిషి కాళ్లకు అసలు తెలియనే తెలియదు.

నేల ఇంత చదునుగా ఉంటే మరి శక్తి దేనికి ఖర్చవుతున్నట్టు? దీనికి జవాబు నడకలో ఒకటి, పరుగులో ఒకటి, సైకిలు మీద మరొకటి.

నడకలో కాలు తలకిందులైన లోలకం లాంటిది. మడమ నేలను తాకినప్పటి నుంచి దేహం ఆ కాలి మీదుగా విల్లులా లేచి అవతలికి దిగుతుంది. లేచేటప్పుడు వేగం కొంత తగ్గి ఎత్తుగా మారుతుంది. దిగేటప్పుడు ఆ ఎత్తు తిరిగి వేగమవుతుంది. మంచి నడకలో ఈ మార్పిడి వల్ల సుమారు 60 నుంచి 70 శాతం యాంత్రిక శక్తి ఆదా అవుతుంది. గంటకు ఐదు కిలోమీటర్ల దరిదాపుల్లో ఈ పొదుపు బాగా సాగుతుంది. మనకు హాయిగా తోచే వేగం కూడా అదే.

నడక వేగానికి ఒక హద్దుంది. దాన్ని చెప్పే సంఖ్య పేరు ఫ్రౌడ్ సంఖ్య. విలియం ఫ్రౌడ్ ఇంగ్లండులో ఓడలు నీటిలో లేపే అలలను అధ్యయనం చేసిన ఇంజనీరు. వేగాన్ని వర్గం చేసి, గురుత్వ త్వరణంతోనూ కాలి పొడవుతోనూ భాగిస్తే వచ్చే ఆ సంఖ్య సుమారు 0.5 చేరగానే మనుషులు నడక మాని పరుగందుకుంటారు. పడవలకు పుట్టిన లెక్క పడవలు లాగిన దారి మీది మనుషులకూ వర్తించడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. 90 సెంటీమీటర్ల కాలున్న పెద్దవారికి ఈ హద్దు గంటకు ఏడున్నర కిలోమీటర్లు. అర మీటరు కాలున్న పిల్లవాడికి ఐదున్నర మాత్రమే. తాతయ్య చెయ్యి పట్టుకుని గట్టు మీదికి వచ్చిన మనవడు ఆయన చురుగ్గా నడుస్తుంటే పక్కనే గునగునా పరుగెత్తడం అల్లరి కాదు. వాడి కాలి పొడవు అలా చేయిస్తోంది.

పరుగులో లోలకం పని ఆగి స్ప్రింగు పని మొదలవుతుంది. పాదం నేలను తాకినప్పుడు మడమ వెనకనున్న అకిలీస్ స్నాయువు సాగి, మరుక్షణం ముడుచుకుంటూ తాను దాచుకున్నది తిరిగి ఇస్తుంది. ప్రతి అడుగులో చేతులు మారే శక్తిలో దాదాపు మూడోవంతు ఈ ఒక్క స్నాయువే దాచి ఇస్తుందనీ, పాదం కింది కమాను మరికొంత జోడిస్తుందనీ శాస్త్రజ్ఞుల అంచనా. ఇంత పొదుపున్నా పరుగు ఖరీదైనదే: దేహం బరువులో ప్రతి కిలోకూ, పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకూ సుమారు ఒక కిలోకేలరీ. విచిత్రమేమంటే మెల్లగా పరుగెత్తినా వేగంగా పరుగెత్తినా కిలోమీటరుకయ్యే ఖర్చు పెద్దగా మారదు. వేగం పెరిగితే ఆ ఖర్చును తక్కువ సమయంలో పెట్టాల్సి వస్తుంది, అంతే.

నేల స్వభావం ఇక్కడ గట్టిగా జోక్యం చేసుకుంటుంది. బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుకలో నడిచినవారికి ఇది స్వయంగా తెలుసు. పాదం కింద ఇసుక జరిగిపోయిన ప్రతిసారీ స్ప్రింగు మింగిన శక్తి తిరిగిరాదు. ఇసుకలో నడకకు గట్టి నేల మీదకన్నా రెండు నుంచి రెండున్నర రెట్లకు పైగా, పరుగుకు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి కావాలని కొలతలు చెబుతున్నాయి. సిమెంటు దారి మోకాళ్లను అరగదీస్తుందన్న మాట మాత్రం పూర్తి నిజం కాదు. నేల గట్టిపడినకొద్దీ పరుగెత్తేవారి కాళ్లు తమ బిగువును తామే సడలించుకుంటాయి. నా మటుకు నాకు గుంతలు లేకుండా దిమ్మిస కొట్టిన మట్టి గట్టే అన్నిటికన్నా మేలనిపిస్తుంది. గుంతలు పడిన మట్టి దారి మాత్రం సిమెంటుకన్నా ప్రమాదం, ముఖ్యంగా పెద్దవయసువారికి.

కండరాల శక్తి సంగతి వచ్చినప్పుడు డెల్టావాసులు గర్వంగా తలచుకోవలసిన పేరొకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీశారు. 1929లో వారిద్దరూ అక్కడా, కార్ల్ లోమన్ జర్మనీలోనూ విడివిడిగా ఏటీపీని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి నేరుగా ఖర్చయ్యే నాణెం ఏటీపీ. నిల్వ ఉన్నది కొద్ది క్షణాలకే సరిపోతుంది. గట్టు మీద ఎవరైనా ఒక్కసారిగా దౌడు తీస్తే, తొలి పది సెకండ్ల వరకూ ఆ నాణేన్ని తిరిగి ముద్రించే పని ప్రధానంగా ఫాస్ఫోక్రియాటిన్‌ది. ఆ తరవాతే గ్లైకోజెన్, ఊపిరితో వచ్చే ఆక్సిజన్ ఆ భారాన్ని అందుకుంటాయి. అరగంట నడకలో దాదాపు అంతా ఆక్సిజన్ మీదే నడుస్తుంది. అందుకే మాట్లాడుకుంటూ నడవగలం.

సైకిలు నడక, పరుగు రెంటికన్నా పొదుపరి. దేహం బరువు సీటు మోస్తుంది; ప్రతి అడుగుకూ లేచి పడనక్కరలేదు. అదే శక్తితో నడిచేవారికన్నా మూడు రెట్లు దూరం పోవచ్చు. పాలబిందెలు, చేపల గంపలు, బియ్యం బస్తాలు ఈ గట్ల మీద తరాల తరబడి సైకిలు మీదే కదిలాయంటే కారణం ఈ పొదుపే. అయితే వేగం పెంచితే గాలి అడ్డుపడుతుంది. గాలిని చీల్చడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనంతో పెరుగుతుంది: పదిహేను కిలోమీటర్ల నుంచి ముప్ఫైకి పోతే ఎనిమిది రెట్లు.

బెజవాడలో ఇంతకన్నా పెద్ద పరీక్ష ఎండ. 60 కిలోల మనిషి గంటకు పది కిలోమీటర్ల చొప్పున పరుగెడితే గంటలో సుమారు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. చదును నేల మీద అదంతా చివరికి వేడిగానే మిగులుతుంది. గాలి చర్మం కన్నా వేడెక్కిన రోజున ఆ వేడి బయటపడటానికి ఒకే ఒక్క దారి, చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. ‘పూర్తిగా ఆవిరైతే’ అన్న మాట ముఖ్యం. చొక్కా తడిసి కారిపోయిన చెమట దేహాన్ని చల్లబరచదు. ఊడ్చిన చేలలో నీళ్లు నిలిచిన ఆగస్టు సాయంత్రాల్లో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. అప్పుడు ఉష్ణోగ్రత మేలోకన్నా ఎంతో తక్కువైనా దేహానికి ఊరట దొరకదు. సైకిలు తొక్కేవారికి తమ వేగమే వీచే గాలి. ఆగిన మరుక్షణం ఒళ్లంతా చెమట పట్టడం ఆ గాలి ఆగినందుకే.

కాలువలో నీరుంటే గట్టు చల్లగా ఉంటుందని నమ్ముతాం. కొంతవరకు నిజమే. కానీ వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఎండ తారస్థాయిలో ఉన్న వారాల్లో కాలువ అడుగు బీటలు వారి ఉంటుంది. సరిగ్గా అప్పుడే గట్టుకు నీటి సాయం ఉండదు, చెట్లే దిక్కు. చెట్టు కింద గాలి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలే తగ్గవచ్చు. దేహం మీద నేరుగా పడే సూర్యకాంతి, కాగిన నేల నుంచి వచ్చే సెగ మాత్రం చాలా తగ్గుతాయి. దేహానికి తెలిసే తేడా అది.

చలికాలంలో మరో చిక్కుంది. నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చని పొర మూతలా కప్పుకున్న డిసెంబరు ఉదయాల్లో పొగా దుమ్మూ కిందే నిలిచిపోతాయి. అయిదింటికే లేచి పరుగెత్తే పట్టుదల మెచ్చదగినదే. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ఎండెక్కి ఆ మూత విచ్చుకున్నాక బయల్దేరడం మేలు.

ముగ్గురూ ఒకే దారి పంచుకుంటే గతిశక్తి లెక్క కూడా చూడాలి. గంటకు 20 కిలోమీటర్ల సైకిలు, ఐదు కిలోమీటర్ల పాదచారికన్నా ప్రతి కిలో బరువుకూ పదహారు రెట్లు గతిశక్తి మోస్తుంది. మోటారు సైకిలు సంగతి చెప్పనక్కరలేదు. గట్టు వెడల్పున్న చోట సైకిళ్లకు వేరు గీత ఉండాలి. మోటారు వాహనాలు ఎక్కకుండా ప్రవేశం దగ్గరే రాతిగుంజలు పాతాలి. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా దాదాపు 297 కిలోమీటర్ల కాలువ వెంట పడవలు లాగిన పాత దారి ఇలాగే మిగిలింది. దాన్ని కార్ల రోడ్డుగా మార్చబోతుంటే, 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ దారంతా నడిచి అందరి దృష్టినీ అటు తిప్పారు. 1971లో అది జాతీయ చారిత్రక పార్కయింది. ఇక నీడ సంగతి. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు వెంట తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌర ఫలకాలే పైకప్పు. నీడ లేకపోతే తెలుగునేల మీద ఎంత మంచి దారైనా మధ్యాహ్నం ఖాళీగా పడి ఉంటుందని దాన్ని కట్టినవారు గుర్తించారు.

మనకు ఆ కప్పు చెట్లతో వేసుకునే వీలుంది. అయితే ఎక్కడ పడితే అక్కడ నాటకూడదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. బుడమేరు వాగుకు గండ్లు పడి ఊళ్లో చాలా భాగం మునిగింది. గట్టు ముందు వరదకు అడ్డు, ఆ తరవాతే దారి. నీటివైపు పెద్ద చెట్టు నాటితే, రేపు అది చచ్చి వేళ్లు కుళ్లిన సందుల్లోంచి నీరు దారి చేసుకోవచ్చు. అందుకే చెట్టు చోటు గట్టు బయటి అంచు కింద. పడమటి ఎండ తగిలే వైపు నాటితే ఫలం మరీ ఎక్కువ. నడినెత్తి సూర్యుడు నిలబడ్డ మనిషి తలనూ భుజాలనూ మాత్రమే తాకుతాడు. సాయంత్రం అయిదింటి సూర్యుడు ఒళ్లంతా పక్కనుంచి కాలుస్తాడు. నడకకు జనం వచ్చేదీ ఆ వేళకే. కానుగ, వేప చైత్రానికల్లా కొత్త ఆకు తొడిగి, మే నెలకు చిక్కని నీడనిస్తాయి. జూనులో కాలువలకు నీళ్లు వదిలిన వారంలో నాటిన మొక్కకు, మళ్లీ కాలువ కట్టేసేలోపు వేరు పట్టడానికి తొమ్మిది పది నెలల గడువు దొరుకుతుంది.