నాలుగు చక్రాల ఇల్లు

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. మూడేళ్ళు నిండీ నిండకముందే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సామాను సర్దుకోవలసివచ్చేది. లారీలో ముందు మంచాలూ బిందెలూ ఎక్కేవి; వాటిమీద మా తమ్ముడూ నేనూ ఎక్కేవాళ్ళం. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ చేసే మొదటి పని పాలు పొంగించడం. పాలు గిన్నె అంచు దాటి పొయ్యిమీద పడితేగాని ఆవిడకు తృప్తి ఉండేది కాదు. "ఇక ఇది మన ఇల్లే" అనేది.

ఆ తమ్ముడు పెద్దవాడై ఇంగ్లండు వెళ్ళి మాంచెస్టరు దగ్గర పన్నెండేళ్ళపాటు ఒకే ఇంట్లో కాపురం చేశాడు. 2023లో మా కాలేజీకి వేసవి సెలవులు ఇవ్వగానే వాణ్ణి చూచి వద్దామని వెళ్ళాను. వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. సంగతేమిటంటే తమ్ముడికి బెర్లినులో ఉద్యోగం వచ్చింది. 2024 జనవరిలో చేరాలి. మరదలు సరేనంది. పదేళ్ళ పాప మాత్రం రానంటే రానంది.

"నాన్న ఉద్యోగం మారితే నా స్కూలెందుకు మారాలి, పెదనాన్నా?" అని నన్ను నిలదీసింది. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. అయినా ఏం చెప్పాలో తోచలేదు. ఆ వయస్సులో నేనూ ఇదే ప్రశ్న వేశాను. నాకూ ఎవరూ సమాధానం చెప్పలేదు.

చివరకు తమ్ముడే ఒక మాట ఇచ్చాడు. "మనతోపాటు ఒక చిన్న ఇల్లు కూడా వస్తుందమ్మా. సెలవులివ్వగానే అందులో ఎక్కి నీ స్నేహితుల దగ్గరకు వద్దాం. అదే పక్క, అదే దుప్పటి, ఎక్కడికి వెళ్ళినా మారవు" అన్నాడు. పాప కాసేపు ఆలోచించి, "నేను చూచి చెబుతా" అంది.

ఆ చిన్న ఇంటినే అక్కడ కాంపర్ వ్యాను అంటారు. సామాన్ల వ్యానంత బండి. లోపల మడతపెట్టే మంచం, చిన్న పొయ్యి, నీళ్ళతొట్టి, రెండు అలమార్లు ఉంటాయి. కొన్నిటికి కప్పు పైకి లేస్తుంది. ఆ అటకమీద పిల్లలు పడుకోవచ్చు. దీని పుట్టుక కూడా చమత్కారమైనదే. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు జర్మనీలోని వోక్స్‌వాగన్ కార్ఖానాలో సరుకులు మోసే ఒక మోటుబండిని చూచి, తన నోటుపుస్తకంలో డబ్బాలాంటి ఒక బొమ్మ గీశాడట. 1950లో ఆ బొమ్మే వ్యానై రోడ్డెక్కింది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ అందులో పడకా అలమారా అమర్చే సరంజామా తయారుచేసింది. 1956 నుంచి ఈ వ్యాన్ల తయారీ హానోవరు పట్టణానికి మారింది.

కొత్తది కొనే తాహతు మా వాడికి లేదు. పాతదానికి పదకొండు వేల పౌన్లు కూడబెట్టాడు. జర్మనీ వెళ్ళాక అక్కడే కొనుక్కోరాదా అన్నాను. "పాప ఇక్కడ ఉండగానే అందులో నాలుగు రాత్రులు పడుకోవాలి అన్నయ్యా. అప్పుడే అది తన ఇల్లు అవుతుంది" అన్నాడు. మాట బాగానే ఉంది. కాని దాని వెనుక ఒక లెక్క ఉంది.

బ్రిటను 2020 చివరితో యూరోపియన్ యూనియను సుంకాల ఏర్పాటు నుంచి బయటపడింది. అంచేత ఇంగ్లండు నుంచి జర్మనీకి బండి తీసుకుపోతే, బయటి దేశపు సరుకు వచ్చినట్టే లెక్క. సుంకం 10 శాతం, ఆపైన 19 శాతం పన్ను. పదకొండు వేల బండిమీద సుంకం 1,100. రెండూ కలిపిన 12,100 మీద పన్ను 2,299. వెరసి సుమారు 3,400 పౌన్లు! అయితే కాపురం మార్చుకుని వచ్చేవారికి ఒక మినహాయింపు ఉంది. అంతకుముందు ఏడాదిపాటు ఆ కూటమికి వెలుపల కాపురం ఉండాలి. బండి వెళ్ళేనాటికి కనీసం ఆరు నెలలుగా తమ స్వాధీనంలో, తమ వాడకంలో ఉండాలి. వెళ్ళాక ఏడాదిపాటు అమ్మడం, అద్దెకివ్వడం కూడదు. తమ్ముడు డిసెంబరు ఆఖరున బయలుదేరాలి. అంటే జూన్ నెలాఖరులోగా బండి చేతికి రావాలి. నేను వెళ్ళేనాటికి మే నెల ముగియవచ్చింది.

మొదటి బండి చూడగానే అందరం మురిసిపోయాము. కింద ఆకాశనీలం, పైన తెలుపు. కిటికీలకు పువ్వుల తెరలు, కొత్త దిండ్లు, అద్దంలా మెరిసే చెక్కపని. పెళ్ళిచూపులనాటి పెళ్ళికూతురు ముస్తాబంతా ఉంది. పాప అప్పుడే అటకెక్కి కూర్చుంది. తమ్ముడు చెక్కుపుస్తకం తీయలేదన్నమాటే గాని, మనస్సులో సంతకం పెట్టేశాడు.

నాకు మాత్రం ఏదో వాసన తగిలింది. అత్తరు చల్లారు, కాని దాని అడుగున మరో వాసన ఉంది. అది నాకు బాగా తెలిసిన వాసన. ఒక తుపానులో మా కాలేజీ గ్రంథాలయం కప్పు కారితే, తడిసిన పుస్తకాలను వారంపాటు పుట పుటా విప్పి ఆరబెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చెమ్మపట్టి లోలోపల కుళ్ళుతున్న వస్తువు వాసన ఆ ముక్కు మరిచిపోదు. కిటికీ కింద కొత్త రంగు వేసిన పలకమీద బొటనవేలితో నొక్కాను. నానిన అట్టలాగా లోపలికి పోయింది. బండి యజమాని ముఖం తిప్పుకున్నాడు.

తరువాత మెకానిక్కు చెప్పగా తెలిసింది, ఈ బండ్లకు ఇంజనుకన్నా పెద్ద శత్రువు నీరేనట. కిటికీ రబ్బరు ఎండి చిట్లినా, లేచే కప్పు అతుకు వదిలినా, చుక్కచుక్కగా దిగి గోడ వెనుక చెక్కను తినేస్తుంది. వాన ఒక్కటే కాదు. రాత్రి లోపల పడుకున్నవారి ఊపిరీ, వంట ఆవిరీ చల్లని రేకుకు తగిలి నీరవుతాయి. అందుకనే చలిలోనైనా గాలికి కాస్త సందు వదలాలట. తుప్పు కనబడితే భయపడనక్కరలేదు. కొత్త రంగు కనబడితే దాని కింద ఏముందో అడగాలి.

రెండవ బండి ఇంట్లో కూర్చుండగానే తప్పిపోయింది. ఇంగ్లండులో మూడేళ్ళు దాటిన బండ్లకు సాధారణంగా ఏటేటా ఎం.ఓ.టి. అనే పరీక్ష ఉంటుంది. 1960లో పదేళ్ళు దాటిన బండ్లకోసం మొదలుపెట్టి, 1967లో మూడేళ్ళకు దించారు. ఏ పరీక్షలో ఏం తప్పింది, ఆనాటికి మీటరు ఎన్ని మైళ్ళు చూపింది అన్న వివరాలు నంబరు చెబితే సర్కారువారు ఉచితంగానే చూపిస్తారు. ఆ బండి ప్రకటనలో తొంభైరెండు వేల మైళ్ళు అని ఉంది. కిందటి ఏటి పరీక్షలో లక్షా పధ్నాలుగు వేలు! మనుషులకు వయస్సు వెనక్కి నడవదు గాని, మీటర్లకు నడుస్తుంది కాబోలు.

అప్పటికి జూన్ సగం గడిచింది. తమ్ముడికి నిద్ర పట్టడం లేదు. "ఆ నీలం బండినే కొనేసి బాగుచేయించుకుందామా?" అన్నాడు ఒక రాత్రి. గడువు మీదపడినకొద్దీ కుళ్ళిన చెక్క కూడా గట్టిగానే కనబడుతుంది. "ఒరేయ్, మూడు వేల నాలుగు వందలు పోతే పోనీ. పిల్ల పడుకునే గోడ కుళ్ళకూడదు" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు. ఆ బండికి ఫోను కూడా చేయలేదు.

జూన్ 24న యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు వెళ్ళాము. 2008 నాటి వోక్స్‌వాగన్. వెలిసిన బూడిదరంగు, ఒకచోట సొట్ట. పాప దిగనైనా దిగలేదు. అమ్మేది డెబ్భై దాటిన ఒక పెద్దావిడ. తలుపు తీస్తూనే, "ఎడమ తలుపు కింద తుప్పుంది, ముందుగా అది చూడండి" అంది. నాకు సగం నమ్మకం అక్కడే కుదిరింది.

ఆవిడ లోపలి నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చింది. బండి కొన్ననాటి నుంచి భర్త వ్రాసిన చిట్టా అది. ఏ తేదీన నూనె మార్చినదీ, ఎన్ని మైళ్ళకు ఏ భాగం వేసినదీ అంతా ఉంది. పక్కనే రసీదు అంటించి ఉంది. ఇంజనులో టైమింగ్ బెల్టు అని ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అది తెగితే లోపలి భాగాలు ఒకదానినొకటి కొట్టుకుని ఇంజనే పోతుంది. ఆ పట్టీని 2019లో మార్చినట్టు రసీదు ఉంది. చివరి రెండు పుటల్లో మాత్రం దస్తూరీ మారింది. భర్త పోయాక ఆవిడే వ్రాసుకుంటూ వచ్చింది. నేను ఆ పుట చూస్తుంటే, "ఆయన వ్రాయమన్నారు" అని మాత్రం అంది.

కొనేముందు చూడవలసినవన్నీ చూశాము. మేము డబ్బిచ్చి పిలిపించుకున్న మెకానిక్కు అడుగున పడుకుని చూశాడు. బండిమీద వాయిదాల బాకీ లేదని కొద్దిపాటి రుసుము కట్టి తెలుసుకున్నాము. అక్కడి లాగ్ బుక్కులో ఉండేది బండికి బాధ్యుడి పేరు మాత్రమే. అది యాజమాన్యానికి సాక్ష్యం కాదని దానిమీదనే అచ్చువేసి ఉంటుంది. అంచేత తేదీ వేసి ఇద్దరూ సంతకాలు చేసిన రసీదు తప్పనిసరి. వర్తకుడి దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల చట్టం అండగా ఉంటుంది. ఇటువంటి సొంతదారు దగ్గర కొంటే కొన్నవాడి జాగ్రత్తే చాలావరకు అండ. బెర్లిను నడిబొడ్డులోకి పోవాలంటే 2010 నుంచి పచ్చ చీటీ కావాలి. డీజిలు బండి కనుక పొగ తరగతి యూరో 4 అవునో కాదో చూశాము. అవును.

బండి నంబరు పలక చదివే పని పాపకు అప్పగించాను, అలాగైనా దిగుతుందని. పదిహేడు అక్షరాలూ అంకెలూ లాగ్ బుక్కుతో సరిచూచింది. పదకొండవది 'హెచ్'. అది హానోవరు కార్ఖానా గుర్తని తమ్ముడు చెప్పాడు. పాప కాసేపు ఆ పలకవంక చూచి, "అయితే దీనికి జర్మనీ పుట్టిల్లన్నమాట. మనం దీన్ని దిగబెట్టడానికి వెళ్తున్నాం" అంది. అప్పుడుగాని అటక ఎక్కలేదు.

ఇక పొయ్యి ఒక్కటే మిగిలింది. మరదలు నన్ను చూచి నవ్వి, "బావగారూ, పాలతోనే చూద్దామా?" అంది. కప్పు ఎత్తి, కిటికీలు తెరిచి, పెద్దావిడ ఇచ్చిన పాలు చిన్న గిన్నెలో పెట్టింది. పాలు పైకి లేస్తుంటే ఆవిడ కంగారుపడి మంట తగ్గించబోయింది. తమ్ముడు ఆమెను ఆపి, మా అమ్మ సంగతి చెప్పాడు. పాలు అంచు దాటి పొయ్యిమీద పడ్డాయి. పదిహేనేళ్ళు ఆ పొయ్యిని తుడిచిన చేతులు అవి. ఒక్క నిమిషం ఊరుకుని, "మళ్ళీ పొంగించండి, ఫోటో తీసుకుంటాను" అంది. తుప్పుకు మూడు వందలు తగ్గించి పదకొండు వేలకు ఇచ్చింది. నోటుపుస్తకం కూడా ఇచ్చేసింది. అక్కడ రోడ్డు పన్ను 2014 అక్టోబరు నుంచి పాత యజమానితోనే పోతుంది గనక, పన్నూ బీమా ఆ వాకిట్లోనే కట్టి బయలుదేరాము.

నేను జూలైలో తిరిగివచ్చాను. తరువాతి సంగతులు ఫోనులో విన్నవే. ఆ వేసవిలో పాప అందులో నాలుగు కాదు, పదకొండు రాత్రులు పడుకుందట. డిసెంబరు 29న హల్ రేవులో ఓడ ఎక్కి, రోటర్‌డాములో దిగి, బెర్లిను చేరారు. జూన్ 24 నాటి రసీదూ, ఆ వేసవి ప్రయాణాల చీటీలూ చూచి సుంకం మినహాయించారు. ఇంగ్లండు దీపాలు ఎడమకు వాలి వెలుగునిస్తాయి. జర్మనీలో కుడిపక్కన నడుస్తారు గనక అవి ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. వాటిని మార్పించి, అక్కడి పరీక్ష నెగ్గాకే కొత్త నంబరు వచ్చింది. మరొక చిక్కు మరదలు కనిపెట్టింది. ఎడమవైపు జారే తలుపు ఇంగ్లండులో కాలిబాటమీదకు తెరుచుకునేది. జర్మనీలో రోడ్డుమీదకే తెరుచుకుంటుంది! ఆ తలుపుకు పిల్లల తాళం వేశారు. తండ్రి దిగివచ్చి తీసేదాకా పాప దిగకూడదని ఇంటి చట్టం.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు పాప దగ్గర ఉంది. మూడవ దస్తూరీ దానిది. 2024 వేసవిలో తమ్ముడు మాట నిలబెట్టుకుని మాంచెస్టరు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి పాప నాకు ఫోను చేసింది. స్నేహితురాళ్ళు ఇద్దరు వ్యానులో తనతో పడుకుంటామన్నారట.

"రాత్రంతా వాన, పెదనాన్నా. పొద్దున్నే లేచి గోడలన్నీ నొక్కి చూశాను. వాసన కూడా చూశాను."

"ఏమంటోంది నీ ఇల్లు?" అన్నాను.

"పాల వాసన వస్తోంది" అంది.