బందరుకోట కింద ఒక నేలమాళిగ

తమ్ముళ్లూ, వైకుంఠపాళిలో పాము మింగినా నిచ్చెన ఎక్కించినా అంతా పాచిక చలవే, మన బుర్రకు పనిలేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అలా కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో సాహసవీరుడై "నేనిది చేస్తాను" అని చెప్పాలి. పాచిక ఆ తర్వాతే.

ఖరీదైన పుస్తకాలు అక్కర్లేదు. గ్రాఫు కాగితం, పెన్సిలు, రెండు పాచికలు చాలు. గడికి పది అడుగులు. అయితే గదులు గీసేముందు ఆలోచించాలి: దీన్ని ఎవరు కట్టారు, ఎందుకు వదిలేశారు?

డచ్చివారి బందరుకోట కింద ఒక నేలమాళిగ ఉందనుకుందాం. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన అందులోకీ వచ్చింది. అప్పట్నుంచి బావి నీళ్లు ఉప్పు. మరి లోపలి రాక్షసుడు ఏం తాగుతాడు? మంచినీటికి రాత్రిళ్లు బయటికి రావాలి. వాడి అడుగుజాడలే మనకు రెండో దారి! అది ఉప్పుకాలువలోకి తెరుచుకుంటే పోటు వచ్చేలోగా బయటపడాలి. కారణం లేకుండా గదికో భూతాన్ని పెడితే మూడో గదికే విసుగొస్తుంది. ఉప్పెనలో పోయినవాళ్లను మాత్రం దెయ్యాలు చేయకండి. 1977లో ఇంటివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు.

లోకం చిన్నదే చాలు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది కదా, అక్కడ ఒక రేవు, ఒక ఊరు, కింద మడ అడవి. గుడివాడ వైపు ఎవరైనా వెళ్తానంటే అప్పుడు గీయొచ్చు.

రెండు పాచికలు కలిపి 5 లేదా ఎక్కువ పడితే చాలంటే 36లో 30 దారులు. 10 లేదా ఎక్కువ కావాలంటే ఆరే. పని కష్టాన్నిబట్టి అంకె పెట్టండి. ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడు "తలుపు పగలగొట్టను, చెవి ఆనించి వింటాను" అంటే పాచిక వేయించకండి. లోపల ఏం వినిపిస్తోందో చెప్పండి.